గిడుగు రామమూర్తి ఉత్తరార్ధ జీవితం: ఉద్యోగ విరమణానంతర కృషి – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

గిడుగు వేంకట రామమూర్తి పంతులు (1863–1940) పేరు వ్యావహారిక భాషోద్యమానికి పర్యాయపదంగా స్థిరపడింది. అయితే ఆ ఉద్యమంలో ఆయన ప్రవేశించింది నలభయ్యేళ్లు దాటిన తరువాత. దానికి పూర్తికాలం వెచ్చించింది 1911లో ఉపాధ్యాయ వృత్తి నుంచి స్వచ్ఛందంగా విరమించుకొన్న తరువాత. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం, నిఘంటువు డెబ్బయ్యో పడికి అటూ ఇటూ వెలువడ్డాయి. జీవితపు ఉత్తరార్ధంలో దొరికిన ఈ పనికి, పూర్వార్ధపు వృత్తి జీవితానికి ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విరమణ ఆయనకు కొత్త విషయాన్ని ఇవ్వలేదనీ, వృత్తిలో ఉండగా పుట్టిన ప్రశ్నలను చివరిదాకా వెంబడించే స్వేచ్ఛను ఇచ్చిందనీ ఇందులో ప్రతిపాదన.

కీలక పదాలు: గిడుగు రామమూర్తి, వ్యావహారిక భాషోద్యమం, సవర భాష, లక్ష్యం–లక్షణం, ఉద్యోగ విరమణ, పర్లాకిమిడి.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలో మలివయసు కృషికి ఉదాహరణలు తక్కువ కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కంపెనీ కొలువు ముగించుకొని ఇంగ్లండు చేరిన తరువాత, 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఏడు దరిదాపు. గ్రాంథిక గద్యానికి ఒరవడి దిద్దిన కందుకూరి వీరేశలింగం తన జీవితపు చివరి సంవత్సరంలో వ్యావహారిక పక్షాన నిలిచి సంస్థాధ్యక్షత వహించాడు. ఈ ఉదాహరణలను జీవిత చరిత్రకారులు ఆయా మహనీయుల అలుపెరుగని స్వభావానికి నిదర్శనాలుగా పేర్కొని ముందుకు సాగడం పరిపాటి. మలివయసులో ఒక పని ఎలా దొరుకుతుంది, అది దొరకడానికి అంతకుముందు ఏమేమి జరిగి ఉండాలి అనే ప్రశ్న మాత్రం విడిగా చర్చకు వచ్చిన సందర్భాలు స్వల్పం.

ఈ ప్రశ్నకు గిడుగు జీవితం అనువైన క్షేత్రం. ఆయన డెబ్బయ్యారేళ్ల జీవితాన్ని 1911వ సంవత్సరం రెండుగా విభజిస్తుంది. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. ఆ తరువాత దాదాపు ఇరవై తొమ్మిదేళ్లు ఏ కొలువూ లేని భాషాసేవకుడు. నేటి పాఠకుడికి తెలిసిన గిడుగు ప్రధానంగా ఆ రెండవ భాగానికి చెందిన వ్యక్తి. మొదటి భాగాన్ని రెండవ దానికి సన్నాహంగా మాత్రమే చూపే పద్ధతి చాలా రచనల్లో కనిపిస్తుంది. ఫలితం తెలిసిన తరువాత వెనక్కి చదివే ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. 1890లలో శాసనాలు చదువుతున్న చరిత్రోపాధ్యాయుడికి తానొక భాషోద్యమానికి సిద్ధమవుతున్నానని తెలియదు. ఆనాటి పనిని ఆనాటి పనిగానే చూసినప్పుడు, అది తరువాతి కాలంలో ఏ విధంగా అక్కరకు వచ్చిందో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2. పూర్వార్ధం: ముప్పయి రూపాయల కొలువు

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1875లో తండ్రి వీర్రాజు మరణించడంతో విజయనగరంలో మేనమామ ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. పై చదువుకు వీలులేని ఇంటి పరిస్థితిలో 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పయి రూపాయల జీతం మీద చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు. అప్పటికి పదిహేడేళ్లు. ఇష్టపడి ఎంచుకొన్న వృత్తి అనడం కంటే కుటుంబ అవసరం చూపిన దారి అనడం సమంజసం. కొలువులో ఉంటూనే ప్రైవేటుగా చదివి 1896లో చరిత్ర ప్రధానాంశంగా బి.ఏ. పూర్తిచేశారు. ఇంటర్మీడియెట్‌తో సమానమైన ఎఫ్.ఏ. పరీక్ష అంతకుముందే నెగ్గారు.

ఈ కాలంలో ఆయన చేసిన రెండు పనులు జీతానికి సంబంధించినవి కావు. మొదటిది శాసన పరిశోధన. ముఖలింగ దేవాలయాల్లోని శాసనాలను చదవాలన్న కోరికతో ప్రాచీన లిపులను సొంతంగా నేర్చుకొన్నారు. గాంగ వంశ చరిత్రకు సంబంధించిన వ్యాసాలు ఇంగ్లీషులో ప్రకటించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రచురించారు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయుడు చరిత్రకు ఆధారమైన రాళ్ల దగ్గరికీ, రాగిరేకుల దగ్గరికీ వెళ్లడం ఇందులో గమనించదగిన అంశం.

రెండవది సవర భాషాధ్యయనం. పర్లాకిమిడి పరిసర మన్యంలో నివసించే సవరలు సంతకూ, కచ్చేరీకీ దిగివచ్చినప్పుడు వారి భాష తెలిసిన ఉద్యోగి గాని, వారి పిల్లలకు పాఠం చెప్పగల బడి గాని లేవు. రామమూర్తి సవర భాష, తెలుగు రెండూ వచ్చిన వ్యక్తిని ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చుకొన్నారు. సవర ముండా శాఖకు చెందిన భాష. తెలుగుతో దానికి కుటుంబ సంబంధం లేదు. లిపి లేదు, అచ్చయిన వాచకం లేదు. నోట విన్న మాటను రాతలో పట్టుకోవడమే మొదటి సమస్య. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ప్రభుత్వం ఇవ్వజూపిన పారితోషికాన్ని తనకు తీసుకోక, ఆ సొమ్ము సవరల విద్యకు వినియోగించమని కోరారు. మన్యం తిరుగుళ్లలో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిని జీవితాంతం ఆ బాధ మిగిలింది.

పుస్తకాలు లేని భాష కూడా నియమబద్ధమైన భాషే అన్న ఎరుక ఆయనకు వ్యాకరణ చర్చల్లో కాక ఈ సవర బడుల పనిలో కలిగింది. బాలవ్యాకరణానికి లొంగని తెలుగును గ్రామ్యమని తోసిపుచ్చే వాదం తరువాత ఎదురైనప్పుడు, దాన్ని అంగీకరించడం ఆయనకు ఎందుకు సాధ్యం కాలేదో అర్థం చేసుకోవడానికి ఈ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

3. నలభై మూడవ ఏట ఒక ప్రశ్న

1906–07 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా జె.ఏ. యేట్స్ వచ్చాడు. తెలుగు నేర్చుకొనే ప్రయత్నంలో ఆయనకు పుస్తకంలోని తెలుగుకూ, జనం నోటి తెలుగుకూ ఉన్న దూరం వింతగా తోచింది. పాఠశాలల్లో బోధించవలసింది ఏ తెలుగు అని ఆయన విచారించాడు. విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనను గురజాడ వద్దకూ, గిడుగు వద్దకూ పంపాడు. ఈ నలుగురి కలయిక నుంచి వ్యావహారిక భాషోద్యమం రూపుదిద్దుకొన్న సంగతి ప్రసిద్ధం.

ఇక్కడ విచారించవలసింది కాలక్రమం. అప్పటికి రామమూర్తికి నలభై మూడేళ్లు. పాఠం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు దాటింది. యేట్స్ అడిగిన ప్రశ్న అంతవరకు ఆయనకు తెలియనిది కాదు. పిల్లలు తరగతిలో అర్థం చేసుకొని మాట్లాడే తెలుగు ఒకటి, పరీక్షలో రాయవలసిన తెలుగు మరొకటి కావడం ఉపాధ్యాయులందరికీ నిత్యానుభవమే. నిత్యం కనిపించే ఇబ్బంది ప్రశ్నగా మారడానికి బయటి చూపు అవసరమైంది. ఆ ప్రశ్న చాలామంది పండితుల ముందుకు వెళ్లింది. దాన్ని జీవితకాలపు పనిగా స్వీకరించింది శాసనాలూ సవర భాషా తెలిసిన ఉపాధ్యాయుడు.

రాసే భాష గతంలో ఎలా ఉండేదో శాసనాలు ఆయనకు చూపాయి. నోటి భాషకు దాని వ్యవస్థ దానికి ఉంటుందని సవర చూపింది. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పని పాఠం ఎంత వ్యర్థమో తరగతి గది చూపింది. విడివిడిగా ఉన్న ఈ మూడు అనుభవాలూ యేట్స్ ప్రశ్నతో ఒకచోట చేరాయి. పాశ్చాత్య భాషాశాస్త్ర గ్రంథాల అధ్యయనం వాటికి సిద్ధాంతబలం చేకూర్చింది.

4. విరమణ, పరాజయం

1911లో రామమూర్తి స్వచ్ఛందంగా ఉద్యోగ విరమణ చేశారు. వయసు నలభై ఎనిమిది. ఆ సంవత్సరమే జయంతి రామయ్య పంతులు ప్రభృతుల పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథిక పక్షానికి కేంద్రమైంది. స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసాన్ని ఆధునిక భాషలో రాయవచ్చునన్న వెసులుబాటు మీద వివాదం చెలరేగింది. రామమూర్తి 1913లో ఆధునికాంధ్ర భాషను గురించి ఇంగ్లీషులో విజ్ఞాపన పత్రం ప్రకటించారు. గురజాడ 1914లో తన సుప్రసిద్ధ అసమ్మతి పత్రం సమర్పించాడు. వాదోపవాదాల అనంతరం ప్రభుత్వం ఆ వెసులుబాటును ఉపసంహరించుకొంది. 1915 నవంబరు 30న గురజాడ కన్నుమూశాడు.

అంటే విరమించిన నాలుగేళ్లకే రామమూర్తి ఎంచుకొన్న పని అధికారికంగా ఓడిపోయింది. ముఖ్య సహచరుడు పోయాడు. పాఠశాలలో స్థానం వదులుకొన్నారు గనుక తరగతి గదిలో ప్రయోగం చేసే అవకాశం కూడా లేదు. యాభై రెండేళ్ల వయసులో ఇది చాలించుకోవడానికి తగిన ఘట్టం. అలా చాలించుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆయన జీవితంలో పరిశీలించవలసిన అసలు మలుపు 1911 కంటే 1915 అని చెప్పడం సబబు. ఉద్యోగం మానడం ఒక నిర్ణయం. ఓడిన పనిని పట్టుకొని ఉండడం అంతకంటే కఠినమైన నిర్ణయం.

5. లక్ష్యం వైపు మళ్లిన వాదం

1915 తరువాత ఉద్యమ స్వభావం మారింది. అంతవరకు వాదం ప్రధానంగా విద్యాశాఖను ఉద్దేశించినది. ప్రభుత్వం తలుపు మూసుకొన్నాక అది రచయితలనూ, పాఠకులనూ, పండితులనూ ఉద్దేశించినదయింది. 1919 ఫిబ్రవరిలో వీరేశలింగం అధ్యక్షుడుగా రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఆ మే నెలలోనే వీరేశలింగం మరణించినా, గ్రాంథిక గద్యంలో పేరెన్నిక గన్న రచయిత డెబ్బయ్యో ఏట తన అభిప్రాయాన్ని సవరించుకోవడం ఉద్యమానికి నైతికబలం ఇచ్చింది. 1919–20లో రామమూర్తి ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. ఏడాదికి అది ఆగిపోయింది. ఆయన ఆగలేదు.

ఈ దశలో ఆయన అనుసరించిన పద్ధతి చరిత్రకారుడిది. గ్రాంథికవాదుల బలం లక్షణంలో ఉంది. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణం వారికి ప్రమాణం. రామమూర్తి లక్షణాన్ని లక్షణంతో ఎదుర్కొనలేదు, లక్ష్యాలను పోగుచేశారు. ప్రాచీన కావ్యాల్లో బాలవ్యాకరణ సూత్రాలకు అందని ప్రయోగాలను ‘బాలకవిశరణ్యం’లో చూపారు. పూర్వులు వచనం రాసినప్పుడు తమ కాలపు వాడుకను ఎంతగా అనుసరించారో ‘గద్యచింతామణి’లో ఉదాహరణలతో నిరూపించారు. గ్రాంథికం తప్ప మరొకటి కూడదన్న పండితుల రచనల్లోనే గ్రాంథిక నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని దొర్లాయో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఎత్తిచూపారు. ఆ శైలిలో పరిహాసం, పరుషత్వం లేకపోలేదు. అయితే వాదానికి ఆధారం వ్యంగ్యం మీద లేదు, ఉదాహరణల రాశి మీద ఉంది. ఒక్కొక్క ప్రయోగాన్నీ గ్రంథంలో వెదికి, రాసుకొని, వర్గీకరించే ఈ శ్రమ కొలువులో ఉన్న ఉపాధ్యాయుడికి తీరికలేని పని. సుదీర్ఘమైన ఖాళీ కాలం ఉన్నవాడు మాత్రమే దానికి పూనుకోగలడు. ఖాళీ కాలం ఉన్న అందరూ పూనుకోరు.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారికం మీద నిషేధాన్ని సడలించింది. 1925లో తణుకు సభలో రామమూర్తి నాలుగు గంటల పాటు ప్రసంగించి, గ్రంథస్థ ప్రయోగాలను ఒక్కొక్కటిగా చూపుతూ తన పక్షాన్ని సమర్థించుకొన్నారు. అప్పటికి అరవై రెండేళ్ల దరిదాపు. చెవులు సరిగా వినిపించవు. ఎదుటివారి మాట వినడం కష్టమైన మనిషి నోటి భాష తరఫున సాక్ష్యాలు ఒప్పజెప్పిన సభ అది. తరువాత సాహితీ సమితి, నవ్య సాహిత్య పరిషత్తు వంటి యువరచయితల సంస్థలు వ్యావహారికాన్ని స్వీకరించడంతో వాదం వాడుకగా మారసాగింది.

6. నాలుగు దశాబ్దాల తరువాత సవర వ్యాకరణం

వ్యావహారికోద్యమ వెలుగులో ఆయన సవర కృషి సాహిత్య చరిత్రల్లో ఒక పేరాకు కుదించుకుపోతుంది. కాని ఉత్తరార్ధ జీవితపు ఫలాలను లెక్కించేటప్పుడు దాన్ని పక్కన పెట్టలేము. యౌవనంలో మొదలుపెట్టిన సవర అధ్యయనం, ఉద్యమపు రద్దీలో ఆగిపోక, 1931లో ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణ గ్రంథంగా వెలువడింది. అప్పటికి ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది, డెబ్బయి అయిదు. రెండింటినీ మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది. తెలుగు బడికి వాడుక భాష తగదని తీర్మానించిన ప్రభుత్వమే, లిపి లేని మన్యపు భాషకు ఆ వాడుక భాషావాది రాసిన వ్యాకరణాన్ని అచ్చువేయడం గమనార్హం.

ఈ పనిలో కుమారుడు సీతాపతి తోడ్పాటు ఉంది. అంతకంటే మౌలికమైనది, మాట చెప్పిన సవరల తోడ్పాటు. పదాలు పలికినవారు, అర్థం వివరించినవారు, మన్యంలో దారి చూపినవారు లేనిదే ఆ గ్రంథాలు లేవు. సాహిత్య చరిత్రల్లో వారి పేర్లు సాధారణంగా కనిపించవు. మలివయసు కృషిని ఒంటరి సంకల్పంగా చిత్రించే రచనలు విస్మరించే అంశం ఇదే. ఇంటి ఆసరా, చదువుకొన్న కొడుకు, మాట చెప్పేవారు, చదువు వల్ల వచ్చిన పలుకుబడి ఇవన్నీ ఉన్నందువల్ల ఆయన కొలువు మానుకోగలిగారు. అవి లేని ఉపాధ్యాయులు అదే తరంలో ఎందరో ఉండి ఉంటారు. వారి ప్రశ్నలు వారితోనే ముగిసి ఉంటాయి.

7. సఫలత, కృతార్థత

మలివయసులో దొరికిన పని రామమూర్తికి తృప్తినిచ్చిందా అన్న ప్రశ్నకు మనోగతాన్ని ఊహించి సమాధానం చెప్పడం పరిశోధనకు తగదు. పరిశీలనకు అందేది ఆయన చేసిన పనులే. ఆ పనుల్లో రెండు లక్షణాలు స్థిరంగా కనిపిస్తాయి.

మొదటిది, ప్రతిఫలంతో ముడిపడకపోవడం. పారితోషికాన్ని బడికి మళ్లించిన మనిషికి 1934లో కైజర్–ఇ–హింద్ పతకం, 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు కళాప్రపూర్ణ గౌరవం వచ్చాయి. ఇవి వచ్చేనాటికి చేయవలసిన పనిలో అధికభాగం పూర్తయింది. గౌరవాలు రాని కాలంలో పని వేగం తగ్గిన దాఖలా లేదు; వచ్చిన తరువాత ఆగిన దాఖలా కూడా లేదు.

రెండవది, స్థలం మారినా పని మారకపోవడం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారి పక్షాన ఈ విలీనాన్ని వ్యతిరేకించిన రామమూర్తి ఆ ప్రారంభోత్సవం నాడే అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. వయసు డెబ్బయి రెండు. ఊరు, ఇల్లు, మన్యం వెనుకబడ్డాయి. సవర నిఘంటువు అచ్చయింది ఆ తరువాతే. చివరి రోజుల్లో మదరాసులో పత్రికా రచయితలను ఉద్దేశించి, వాడుక భాషను పత్రికల్లో నిలపవలసిందిగా కోరారు. 1940 జనవరి 22న మరణించారు.

సఫలత వేరు, కృతార్థత వేరు. పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయ పరీక్షలు, పరిశోధన గ్రంథాలు వాడుక భాషకు తలుపు తెరిచింది ఆయన మరణించిన దశాబ్దాల తరువాత. ఏ తరగతి గది కోసం వాదం మొదలైందో ఆ తరగతి గదిలో మార్పును ఆయన చూడలేదు. ఫలితాన్నే కొలమానంగా తీసుకొంటే ఆ ఇరవై తొమ్మిదేళ్లు అసంపూర్ణం. ప్రశ్నను దాని చివరి ఆధారం దాకా వెంబడించడం కొలమానమైతే అవి సంపూర్ణం. ఉద్యోగికి సాధారణంగా మొదటి కొలమానమే వర్తిస్తుంది: పరీక్ష, ఫలితం, నివేదిక. కొలువు వదిలిన మనిషికి రెండవ దాన్ని ఎంచుకొనే వీలు కలుగుతుంది. రామమూర్తి విషయంలో విరమణ చేసిన మేలు ఇదే.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గిడుగు రామమూర్తి మలివయసు కృషి పూర్వ వృత్తికి విరుద్ధమైనది కాదు. చరిత్రోపాధ్యాయుడి సాక్ష్యసేకరణ పద్ధతి, సవర బడుల అనుభవం, తరగతి గది ఇబ్బంది అనే మూడింటి కలయిక. రెండు, ఆ కృషికి నిర్ణాయకమైన ఘట్టం ఉద్యోగ విరమణ కంటే 1915 నాటి పరాజయానంతర నిలకడ. మూడు, ఆ కృషి ఒంటరిది కాదు. దాని వెనుక ఉన్న సవర సహాయకుల పాత్ర ఇంకా తగినంతగా గుర్తింపు పొందలేదు.

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నప్పుడు స్మరణకు వచ్చేది ఉద్యమ నాయకుడు. ఆ నాయకుడికి ముందు ముప్పయి రూపాయల జీతానికి చరిత్ర పాఠం చెబుతూ, సెలవు దొరికితే గుడి గోడల మీది అక్షరాలు చదువుకొన్న ఉపాధ్యాయుడు ఉన్నాడు. తెలుగు శాఖల్లో పరిశోధన ఈనాడు ఏ భాషలో సాగుతున్నదో, ఆ భాషకు ఆధారాలు సమకూర్చింది ఆ ఉపాధ్యాయుడే. సవర వాచకాలు మొదలుకొని 1938 నాటి నిఘంటువు వరకు ఆయన సవర రచనలను వ్యావహారిక భాషా రచనలతో పక్కపక్కన పెట్టి పరిశీలించడం జరిగితే, ఈ రెండు కృషులకూ మూలమైన భాషాదృష్టి ఒకటేనన్న ప్రతిపాదన మరింత బలపడుతుంది.